హాల్లో లైట్లు ఆర్పకండి

పోయిన డిసెంబర్‌లో నేను రవీంద్రభారతి స్టేజ్ మీద పాడాను. ఈ మాట చెప్తే మా క్లాస్‌లో ఒక్కడు కూడా నమ్మలేదు. తప్పు వాళ్ళది కాదు, ఫ్రెషర్స్ డే నాడు నా పాట విన్నవాళ్ళే అందరూ. సోలో కాదు లెండి. ఒక ఖవ్వాలీ పార్టీలో, వెనక వరసలో, ఎడమ చివర కూర్చున్నా. తప్పట్లు కొట్టాలి, ముందున్న ఆయన పాడిన లైన్‌ని మిగతా నలుగురితో కలిసి తిరిగి పాడాలి, అంతే నా పని. మైక్ పక్కాయన మోకాలి దగ్గరుంది. నా గొంతు చివరి వరస దాకా వెళ్ళి ఉండదనే నా నమ్మకం. అదీ మంచిదే.

అయితే ఆ రోజు అక్కడ కూర్చున్నప్పుడు ఒక విషయం నాకు అస్సలు నచ్చలేదు. ఫిబ్రవరి ఫెస్ట్‌లో మన కల్చరల్ కమిటీ ఖవ్వాలీ నైట్ పెడదామనుకుంటోందని విన్నా. అందుకే ఫ్లెక్సీలు ప్రింట్ అవ్వకముందే రాస్తున్నా.

ముందు నేను అక్కడికెలా చేరానో చెప్పాలి. మాది శాలిబండ. చార్మినార్ నుంచి నడుచుకుంటూ వస్తే పదిహేను నిమిషాలు. ఇంట్లో తెలుగు, గల్లీలో దక్కనీ, స్కూల్లో ఇంగ్లిష్. మూడింట్లో ఏ ఒక్కటీ పూర్తిగా రాదని మా నాన్న అంటుంటాడు. స్కూల్లో నాతో పదేళ్ళు ఒకే బెంచ్‌లో కూర్చున్న ఫ్రెండ్‌కి ఒక మామూ ఉన్నాడు. పగలు మోటార్ వైండింగ్ షాపు, జుమ్మేరాత్ అంటే గురువారం రాత్రి దర్గాలో ఖవ్వాలీ. పెద్ద పేరున్న పార్టీ కాదు. హైదరాబాద్‌లో ఖవ్వాలీ అనగానే అందరూ వార్సీ బ్రదర్స్ పేరు చెప్తారు. నసీర్ అహ్మద్ ఖాన్, నజీర్ అహ్మద్ ఖాన్ ఇద్దరూ. వాళ్ళ తాత అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీకి పద్మశ్రీ వచ్చింది. మా మామూ పార్టీ వాళ్ళ పేరు వినగానే చెవులు పట్టుకునే రకం. అంత గౌరవం అన్నమాట.

ఒక సంస్థ వాళ్ళు డిసెంబర్ ప్రోగ్రామ్‌కి మామూని పిలిచారు. వారం ముందు వెనక వరసలో ఒకాయన వాళ్ళమ్మకి బాగోలేక బీదర్ వెళ్ళిపోయాడు. మామూ నన్ను చూసి, "క్యా మియా, తాలీ మార్నా ఆతా?" అన్నాడు. తప్పట్లు కొట్టడం ఎవరికి రాదు అనుకున్నా. హుస్సేనీ ఆలంలో వాళ్ళింట్లో నాలుగు సాయంత్రాలు ప్రాక్టీస్ చేశాక తెలిసింది, నాకు రాదని. అరచేతులు వదులుగా పెడితే శబ్దం చప్పగా వస్తుంది, బిగించి కొడితే రెండో పాటకి చేతులు మండిపోతాయి. "రొట్టె చేస్తున్నవా, తాళం వేస్తున్నవా?" అని ఢోలక్ ఆయన తెలుగులో అడిగాడు, మిగతావాళ్ళకి అర్థం కాకుండా నా పరువు కాపాడటానికి.

ఖవ్వాలీలో వెనక కూర్చుని గొంతు కలిపేవాళ్ళని హమ్‌నవా అంటారు. కలిసి పలికే గొంతులు అని. మనకి అలాంటి మాట ఉంది కానీ దాన్ని మనం పాడు చేసుకున్నాం. 'వంత పాడటం' అంటే ఇప్పుడు తిట్టే కదా, టీవీ డిబేట్లలో రోజూ వింటున్నాం. బుర్రకథలో వంతలిద్దరినీ తీసేసి చూడండి, కథకుడు తంబురా పట్టుకుని ఒక్కడే ఎంతసేపు నిలబడతాడో. వంతలు గుమ్మెట కొడతారు, తందాన అంటారు, మధ్యలో ప్రశ్నలడిగి కథని ముందుకి తోస్తారు. ఖవ్వాలీలో కూడా అంతే. ముందు గొంతు ఒక లైన్ పాడి ఆలాపనలోకి, వేరే షేర్‌లోకి, ఎక్కడెక్కడికో వెళ్ళిపోతుంది. వెనకవాళ్ళు ఆ లైన్‌ని నేల మీద పట్టుకుని ఉంటారు. ఆయన తిరిగి వచ్చేసరికి అది అక్కడే ఉండాలి. నేను సీఎస్ వాణ్ణి, నాకు అర్థమైన భాషలో చెప్పాలంటే ఫంక్షన్ కాల్ ఎంత లోపలికి వెళ్ళినా రిటర్న్ అడ్రస్ పోకూడదు. ఆ అడ్రస్ మేమే.

ఇక్కడిదాకా స్టేజ్ మీద కూడా బాగానే జరిగింది. ఇబ్బంది మా ముందు వైపు నుంచి వచ్చింది.

దర్గాల్లో జరిగే ఈ కూటమిని మహ్‌ఫిల్-ఎ-సమా అంటారు. సమా అంటే వినడం. పాడేవాళ్ళ పేరు మీద కాకుండా వినేవాళ్ళ పేరు మీద ఉన్న కచేరీ ఇదొక్కటే అనుకుంటా. చిష్తీ సూఫీల దగ్గర ఇది వినోదం కాదు, ఒక సాధన. దీనికి రూపం ఇచ్చినవాడిగా అమీర్ ఖుస్రో పేరు చెప్తారు. ఆయన 1253లో పుట్టాడు, గురువు నిజాముద్దీన్ ఔలియా పోయిన 1325లోనే కొన్ని నెలల తేడాతో తనూ పోయాడు. ఇప్పటికీ సాధారణంగా మహ్‌ఫిల్‌లో ఆయన పేరున్న ఖౌల్, రంగ్ పాడతారు. రంగ్ వచ్చేది చివర్లో. అది మొదలవ్వగానే అందరూ లేచి నిలబడతారు. గుర్తుపెట్టుకోండి, దీనితో తర్వాత పని ఉంది.

ప్రాక్టీస్‌లో భాగంగా మామూ నన్ను ఒక గురువారం దర్గాకి తీసుకెళ్ళి, ఊరికే కూర్చుని చూడమన్నాడు. మా వైపు ఒక చిన్న దర్గా, ట్యూబ్‌లైట్లు, ఒక పాత ఫ్యాన్, చాపల మీద నలభై మంది ఉంటారేమో. మామూ ఒక లైన్ పాడాడు. మూడో వరసలో ఒక ముసలాయన తల ఒక్కసారి అటూ ఇటూ ఊపాడు. అంతే. మామూ దాన్ని చూశాడు. తర్వాతి లైన్‌కి వెళ్ళాల్సినవాడు ఆగి, అదే లైన్ మళ్ళీ పాడాడు. ఈసారి ఆ ముసలాయన కళ్ళు మూసుకున్నాడు. మామూ లైన్‌లో సగం కోసేసి, ఆయనకి తగిలిన ఆ ఒక్క ముక్కనే పట్టుకున్నాడు. వెనకవాళ్ళు కూడా ముక్కకి మారిపోయారు, ఎవరూ సైగ చెయ్యలేదు. ఏడుసార్లో ఎనిమిదిసార్లో, నేను లెక్క మర్చిపోయా. ఆయన లేచి, జేబులోంచి నోటు తీసి, ముందు కూర్చున్న పెద్దాయన చేతికి వంగి ఇచ్చాడు. పెద్దాయన దాన్ని హార్మోనియం దగ్గరికి పంపాడు. ముసలాయన వెళ్ళి కూర్చుని కళ్ళు తుడుచుకున్నాక గానీ మామూ రెండో లైన్‌కి వెళ్ళలేదు.

తర్వాత అడిగాను, "మామూ, ఎన్నిసార్లు పాడాలో నీకెట్ల తెలుస్తది?" అని. నన్ను పిచ్చోణ్ణి చూసినట్టు చూశాడు. "నాకెట్ల తెలుస్తది? వాళ్ళకి తెలుస్తది."

ఇప్పుడు రవీంద్రభారతికి రండి. ఠాగూర్ శతజయంతి అప్పుడు, 1961లో మొదలైన హాల్ అది. ఈ రాష్ట్రంలో పాడేవాళ్ళు, ఆడేవాళ్ళు అందరూ ఒక్కసారైనా ఎక్కాలనుకునే స్టేజ్. మా శాలిబండ నుంచి ఆరేడు కిలోమీటర్లే. మదీనా, నయాపూల్ దాటి, అఫ్జల్‌గంజ్, ఎంజే మార్కెట్, నాంపల్లి మీదుగా పోతే వచ్చేస్తుంది. మా పార్టీలో ఇద్దరు దాని లోపలికి ఎప్పుడూ పోలేదు. ఆటోలో హార్మోనియం ఒళ్ళో పెట్టుకుని ఒకాయన అత్తరు రాసుకున్నాడు, మాకందరికీ రాశాడు. నాకు తెల్ల కుర్తా లేకపోతే ఫ్రెండ్‌ది వేసుకున్నా, చేతులు పొట్టిగా.

తెర లేచింది. మా మీద లైట్లు పడ్డాయి. ఎదురుగా ఏమీ లేదు. నిజంగానే ఏమీ లేదు, నల్లగా ఉంది. జనం ఉన్నారని దగ్గుల వల్ల తెలుస్తోంది. మామూ మొదటి లైన్ పాడి, అలవాటుగా మూడో వరస ఉండాల్సిన చోటుకి చూశాడు. మళ్ళీ పాడాడు. మళ్ళీ చూశాడు. నేను పక్కనుంచి ఆయన మొహం చూస్తున్నా. చీకట్లో స్విచ్ కోసం గోడ తడుముతాం చూడండి, అచ్చం అలా ఉంది. నాలుగోసారి పాడి, ఇక చాలనుకుని తర్వాతి లైన్‌కి వెళ్ళిపోయాడు. ఆ రాత్రి ప్రతి లైన్ నాలుగుసార్లే పాడాం. ఎందుకు నాలుగు అంటే ఏ కారణమూ లేదు.

ఈసీఈ వాళ్ళు దీన్ని ఒక్క మాటలో చెప్పేస్తారు. క్లోజ్డ్ లూప్‌ని ఓపెన్ లూప్ చేశారు. ఫీడ్‌బ్యాక్ తీగ కత్తిరించి, సిస్టమ్ ఎందుకు అంత బాగా పనిచెయ్యలేదు అని అడిగినట్టు. సౌండ్ బాగుంది, ఏసీ బాగుంది, కుర్చీలు మెత్తగా ఉన్నాయి. వినేవాడి మొహం ఒక్కటే లేదు. ఈ పాట దాని మీదే నడుస్తుంది.

చివర్లో ఇంకో తమాషా. రంగ్ మొదలైంది. రెండో వరసలో ఎవరో ఒకాయన పద్ధతి ప్రకారం లేచి నిలబడ్డాడు. స్టేజ్ వెలుతురు అంచు అక్కడిదాకా పడుతోంది కాబట్టి నాకు కనిపించింది. వెనకున్నవాళ్ళు దాన్ని స్టాండింగ్ ఒవేషన్ అనుకున్నారు. పాట అయిపోయిందేమో అనుకుని హాల్ హాలంతా లేచి చప్పట్లు కొట్టేసింది, మేము పాడుతుండగానే. వాళ్ళ చప్పట్లు తాళంలో లేవు, మావి వాటిలో కలిసిపోయాయి, ఢోలక్ ఆయన పళ్ళు బిగించి లాక్కొచ్చాడు. ఇంకొకాయన చేతిలో నోటుతో స్టేజ్ మెట్ల దాకా వచ్చాడు. వాలంటీర్ కుర్రాడు మర్యాదగా వెనక్కి పంపాడు. ఆ కుర్రాణ్ణి నేనేమీ అనను, వాడి ప్లేస్‌లో ఉంటే నేనూ అదే చేసేవాణ్ణి. వాడికి ఎవరూ చెప్పలేదు.

ఇది విని ఫ్రెండ్ వాళ్ళ నానా, అంటే మామూ నాన్న, ఒకటే మాటన్నాడు. "అందుకే పోవద్దన్నా." ఆయన దృష్టిలో దర్గా పాట దర్గాలోనే ఉండాలి. టికెట్ కొని కాళ్ళ మీద కాళ్ళేసుకుని వినేది కాదది. ఇలా అనేవాళ్ళు మనలో కూడా తక్కువ లేరు, కీర్తన గుళ్ళోనే పాడాలి అని.

ఈ గొడవ పాతది. మన నాన్‌డీటెయిల్‌లో గలివర్స్ ట్రావెల్స్ గుర్తుందా? అది రాసిన జొనాథన్ స్విఫ్ట్ డబ్లిన్‌లో సెయింట్ పాట్రిక్స్ కెథడ్రల్‌కి డీన్. హ్యాండెల్ 'మెసయ్య' అనే పెద్ద బృందగానాన్ని డబ్లిన్‌లో పెట్టాలనుకున్నప్పుడు కోరస్‌కి చర్చి గాయకులు కావాలి. పెట్టేది మాత్రం ఫిషాంబుల్ వీధిలోని మ్యూజిక్ హాల్లో. నా గాయకులు అలాంటి చోట పాడటానికి వీల్లేదని స్విఫ్ట్ మొదట అడ్డం తిరిగాడు. తర్వాత మెత్తబడ్డాడు. 1742 ఏప్రిల్ 13న పాడారు. జనం ఎక్కువమంది పట్టాలని ఆడవాళ్ళని గౌన్ల కింద వలయాలు లేకుండా, మగవాళ్ళని కత్తులు లేకుండా రమ్మన్నారు. ఏడు వందల మంది వచ్చారు. వచ్చిన డబ్బులో ఒక వాటాతో అప్పులు కట్టలేక జైల్లో ఉన్న 142 మందిని విడిపించారు. చర్చి గొంతులు హాలుకి వెళ్ళడం వల్ల దేవుడికి నష్టం జరిగిందని చెప్పడం కొంచెం కష్టం. ఖవ్వాలీ కూడా 1970లలోనే సబ్రీ బ్రదర్స్‌తో న్యూయార్క్ కార్నెగీ హాల్ దాకా వెళ్ళింది.

నాకు మాత్రం డబ్లిన్ కంటే దగ్గర సాక్ష్యం ఉంది. ఫ్రెండ్ వాళ్ళ ఆపా. డిగ్రీ చదువుతోంది. మేనమామ పాట పుట్టినప్పటి నుంచి వింటోంది, అయితే ఆడవాళ్ళు కూర్చునే వైపు నుంచి, పరదా వెనక నుంచి. ప్రోగ్రామ్ అయ్యాక బయట మెట్ల మీద నిలబడి, "మామూ పాడేటప్పుడు ఎడమ కనుబొమ్మ పైకి లేపుతాడని నాకివాళే తెలిసింది" అంది. ఇరవై ఏళ్ళుగా వింటున్న మనిషికి! నానా మాట మీద నాకు గౌరవం ఉంది కానీ, ఆ కనుబొమ్మ దగ్గర నేను ఆయనతో ఒప్పుకోలేను. నిజానికి హాల్ లేకపోతే నేనూ పాడేవాణ్ణి కాదు. స్టేజ్ అంటే ప్రోగ్రామ్ కదా అని ధైర్యంగా ఒప్పుకున్నా. మామూ మొదట దర్గాలో కూర్చుని గొంతు కలపమని ఉంటే, నాది కాని ప్రార్థనని నేనెలా పాడాలి అని వెనక్కి తగ్గేవాణ్ణి. మా అమ్మని అడిగితే, "మా ఊర్ల పీర్ల పండుగకు అలాయ్ చుట్టు మేమందరం ఆడలే? పాడు, ఏంగాదు" అంది. అమ్మకి తేలిగ్గా తేలిపోయింది. నాకు పూర్తిగా తేలలేదు. నమ్మకం లేకుండా అంటే ఆ మాటలకి అవమానం కాదా అని ఒక పక్క, అయిదుగురితో కలిసి అంటున్నప్పుడు నమ్మకం ఎవరిది ఎంత అని ఎవరు కొలుస్తారు అని ఒక పక్క. రామదాసుని జైల్లో పెట్టిన తానీషా గురువు షా రాజు ఖత్తాల్ దర్గా మా ఇంటికి దగ్గర్లోనే, ఫతే దర్వాజా వైపు ఉంది. దాని ముందు నుంచి ఎన్నిసార్లు పోయానో, ఆ సంగతి తెలిసింది మాత్రం పోయిన నెలలోనే. నా గల్లీ గురించే నాకింత తెలుసు, నమ్మకం గురించి ఏం తేలుస్తా.

కాబట్టి హాలుకి రావాలి. నా గొడవ చీకటితోనే.

హాలన్నాక లైట్లు ఆర్పాలి కదా, అదే పద్ధతి అంటారు. ఆ పద్ధతి ఎంత పాతదో తెలుసా? వాగ్నర్ అనే కంపోజర్ జర్మనీలో బైరాయిట్ అనే ఊళ్ళో తన ఒపేరాల కోసం థియేటర్ కట్టించుకున్నాడు. 1876లో అది మొదలైనప్పుడు ప్రేక్షకుల వైపు దాదాపు చీకటి చేశారు. అంతకుముందు యూరప్ థియేటర్లలో చాలావరకు జనం వెలుతురులోనే కూర్చునేవాళ్ళు. డబ్లిన్‌లో ఆ 1742 కచేరీ మొదలైంది మధ్యాహ్నం పన్నెండింటికి. మన దగ్గరా అంతే. మా ఇంటి వెనకే చౌమహల్లా ప్యాలెస్ ఉంది, 2010లో యునెస్కో అవార్డ్ వచ్చింది దానికి. ఖిల్వత్ దర్బారులో 19 పెద్ద షాండ్లియర్లు వేలాడుతుంటాయి. వాటి కింద కూర్చున్నవాళ్ళ మొహాలు కనపడకూడదని అన్ని దీపాలు పెట్టించి ఉండరు. హాల్లో చీకటి అనేది నూట యాభై ఏళ్ళ కిందటి ఒక జర్మన్ సెట్టింగ్. మనం డిఫాల్ట్ అనుకుని ఎవరూ మార్చట్లేదు. ఒపేరాకి, సినిమాకి అది బాగుంటుంది, అక్కడ తెర మీది మనిషికి మనం కనపడనక్కర్లేదు. ప్రతి పాటకీ అదే సెట్టింగ్ పెడితే ఎలా?

మన ఫెస్ట్ ఖవ్వాలీ నైట్‌కి నేను అడిగేది పెద్ద బడ్జెట్ విషయం కాదు. మన ఆడిటోరియంలో జనం మీది లైట్లు సగానికైనా ఉంచండి. స్టేజ్ మెట్ల దగ్గర ఎవర్నీ ఆపకండి. నోటు తీసుకొచ్చినవాడు ఫోన్ తీసి సెల్ఫీ అడిగితే అప్పుడు ఆపండి. వెనక వరసకి ఒక మైక్ కాదు, కనీసం రెండు పెట్టండి. ఫ్లెక్సీ మీద 'అండ్ పార్టీ' అని రాయకండి, వాళ్ళకి పేర్లున్నాయి, నేను కనుక్కుని ఇస్తా. ఇరవై నిమిషాల స్లాట్ మాత్రం వద్దు. డీజేని అరగంట వెనక్కి జరిపితే ఎవరూ చచ్చిపోరు.

మరి వినేవాళ్ళు, అంటే మీరు. వెలుతురులో కూర్చోవడం మనకి కొంచెం సిగ్గు. పక్కవాడు చూస్తాడని తల కూడా ఊపం. చీకట్లో అయితే రీల్ తీసుకుంటూ హాయిగా ఉండొచ్చు. నాకు తెలుసు, నేనూ అదే బ్యాచ్. కానీ ఎదుటాయన మీ మొహం చూసి తర్వాతి లైన్ నిర్ణయిస్తాడని తెలిశాక ఫోన్ అడ్డం పెట్టుకోవడం ఎంత మోటుగా ఉంటుందో ఒక్కసారి ఆలోచించండి. ఉర్దూ రాదు, ఫారసీ అసలే రాదు అంటారా. దర్గాలో ఆ ముసలాయన పక్కన కూర్చున్న ఇద్దరు అఫ్జల్‌గంజ్‌లో బస్తాలు మోసేవాళ్ళు, మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చారు, వాళ్ళు మాట్లాడుకున్నది తెలుగులోనే. వాళ్ళూ తలలు ఊపారు, మామూ వాళ్ళ కోసం కూడా ఆగాడు.

ఈ వ్యాసం పేరు చూసి మా అమ్మ, "ఆర్పు అనే మాట పైన పెట్టకురా, కొండెక్కించొద్దు అను" అంది. టైటిల్ పొడుగైపోతుందని మార్చలేదు. కమిటీ వాళ్ళకి లైట్ బోర్డ్ దగ్గర ఎవరూ దొరక్కపోతే చెప్పండి, ఆ రాత్రి నేనే కూర్చుంటా. బీదర్ వెళ్ళినాయన తిరిగొచ్చాడు, వెనక వరసలో నా సీటు ఎలాగూ పోయింది.